పొగలోంచి ఎరువు: అమ్మోనియా స్క్రబ్బింగ్ మీద ప్రాజెక్టు చేయొచ్చా?

కెమికల్_ఎంటెక్:
అందరికీ నమస్కారం. ఫ్లూ గ్యాస్‌లోని (బొగ్గు మండాక చిమ్నీలోంచి పోయే పొగలోని) సల్ఫర్ డయాక్సైడ్‌ను అమ్మోనియా ద్రావణంతో కడిగి పట్టి (దీన్నే స్క్రబ్బింగ్ అంటారు), అమ్మోనియం సల్ఫేట్ ఎరువుగా మార్చే పద్ధతి మీద ఎంటెక్ ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. చదివినంతవరకు చాలా బాగా నచ్చింది, వ్యర్థం మిగలదు, అమ్ముకోగలిగే సరుకు వస్తుంది. మరి ఇంత మంచిదైతే ఎక్కువ థర్మల్ ప్లాంట్లు సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టడానికి ఇప్పటికీ సున్నపురాయినే ఎందుకు వాడుతున్నాయి? ల్యాబ్‌లో చేయడానికి కొత్తగా ఏమైనా మిగిలుందా, లేక అంతా తేలిపోయిన విషయమేనా? గైడ్‌ని కలిసేలోపు తెలుసుకోవాలి, కొంచెం టెన్షన్‌గా ఉంది.

స్క్రబ్బర్_పని:
ముందు కాగితం మీద లెక్క వేయండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఒక టన్ను సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టాలంటే సుమారు 0.53 టన్నుల అమ్మోనియా కావాలి, దాంతో 2.06 టన్నుల అమ్మోనియం సల్ఫేట్ వస్తుంది. అదే పనికి సున్నపురాయి 1.56 టన్నులు పడుతుంది, 2.7 టన్నుల జిప్సం వస్తుంది, దానితోపాటు దాదాపు 0.69 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. కానీ రాయి చవక, అమ్మోనియా ఖరీదు. ఇంకో మాట, చాలామంది గమనించనిది: ఆ ఎరువులో ఉండే 21 శాతం నత్రజని పొగలోంచి వచ్చింది కాదు, మీరు డబ్బు పెట్టి తెచ్చిన అమ్మోనియాలోదే. పొగ ఇచ్చేది 24 శాతం గంధకం మాత్రమే. అందుకని అమ్మోనియా కొనే ధరకీ అమ్మోనియం సల్ఫేట్ అమ్మే ధరకీ మధ్య ఎంత మిగులుతుందన్న దాని మీదే ప్లాంటు బతుకు ఆధారపడుతుంది.

అమ్మోనియా చేతిలోనే ఉన్నచోట కథ వేరు. అమెరికాలో నార్త్ డకోటాలోని బ్యూలా దగ్గర లిగ్నైట్‌ను (ఒక రకం నాసి బొగ్గును) గ్యాస్‌గా మార్చే గ్రేట్ ప్లెయిన్స్ ప్లాంటు అమ్మోనియాను తనే తయారుచేసుకుంటుంది, దాంతోనే తన ఫ్లూ గ్యాస్‌ను శుభ్రం చేసి అమ్మోనియం సల్ఫేట్ అమ్ముతుంది. ఇంధనంలో గంధకం ఎంత ఎక్కువుంటే ఈ పద్ధతికి అంత లాభం.

ఏరోసాల్_గోల:
ధర ఒక్కటే కాదండీ, అసలు తలనొప్పి చిమ్నీ కొస దగ్గర కనిపిస్తుంది. అమ్మోనియా ఆవిరయ్యే గుణమున్నది కాబట్టి ద్రావణం పీహెచ్ పెంచితే సల్ఫర్ డయాక్సైడ్ బాగా పడుతుంది గానీ అమ్మోనియా కూడా గ్యాస్‌తో పాటు పైకి లేచిపోతుంది, తగ్గిస్తే అమ్మోనియా ఆగుతుంది గానీ సల్ఫర్ డయాక్సైడ్ జారిపోతుంది. అలా పైకి లేచిన అమ్మోనియా తేమతో, మిగిలిన సల్ఫర్ డయాక్సైడ్‌తో గ్యాస్‌లోనే కలిసి మైక్రాన్ కంటే చిన్న ఉప్పు కణాలు కడుతుంది, గ్యాస్‌లోని తుంపరలను ఆపే మామూలు డెమిస్టర్ వాటిని పట్టలేదు. ఒక కాలుష్యాన్ని తీసేసి సన్నటి కణాల రూపంలో ఇంకోదాన్ని వదిలితే ఆ ప్లాంటు పెట్టిన ప్రయోజనమేంటి? అందుకే రెండు మూడు దశల్లో కడగడం, చివర నీటితో వాష్, వెట్ ఈఎస్‌పీ (కరెంటు ఛార్జితో కణాలను లాగి పట్టే తడి పరికరం) వంటివి పెడతారు, ఖర్చు అక్కడ పెరుగుతుంది. పరిశోధన కావాల్సింది ఇక్కడే అని నా గట్టి అభిప్రాయం. కానీ కణాల సైజు కొలిచే పరికరం మీ ల్యాబ్‌లో లేకపోతే మాత్రం దీని జోలికి వెళ్ళకండి.

నేల_కెమిస్ట్:
ఎరువు వైపు నుంచి నా మాట. యూరప్‌లో 1980ల నుంచి పొగలో గంధకం తగ్గుతూ వచ్చాక, గాలి నుంచి నేలకు చేరే గంధకమూ తగ్గి, ఆవజాతి నూనెగింజల్లో గంధక లోపం బయటపడింది. కాబట్టి గంధకమున్న ఎరువుకు అవసరం నిజంగానే ఉంది. అయితే అమ్మోనియం సల్ఫేట్ నేలను ఆమ్లంగా మారుస్తుంది, క్షార నేలలకు అది మేలు, ఇప్పటికే ఆమ్లంగా ఉన్నవాటికి కీడు. బొగ్గులోని పాదరసం, ఆర్సెనిక్, సెలీనియం కూడా ద్రావణంలోకి రావచ్చు, ముందే బూడిదను బాగా తీసేయకపోతే ఆ సరుకును పొలంలో వేయమని నేను చెప్పను. పరీక్షించకుండా ‘పర్యావరణహిత ఎరువు’ అని పేరు పెట్టేయడం రైతుకు అన్యాయం చేయడమే.

కెమికల్_ఎంటెక్:
చాలా థ్యాంక్స్ అందరికీ. నైట్రోజన్ ఆక్సైడ్లను కూడా ఇదే నీళ్ళల్లో పట్టి అమ్మోనియం నైట్రేట్ చేస్తే? అప్పుడు పొగలోని నత్రజని కూడా ఎరువులోకి వస్తుంది కదా.

స్క్రబ్బర్_పని:
నైట్రిక్ ఆక్సైడ్ నీళ్ళల్లో దాదాపు కరగదు, ముందు ఓజోన్ లాంటి దానితో ఆక్సీకరణ చేయాలి. ఎలక్ట్రాన్ బీమ్‌తో సల్ఫర్ డయాక్సైడ్‌నీ నైట్రోజన్ ఆక్సైడ్లనీ ఒకేసారి పట్టే పద్ధతి జపాన్‌లో 1970లలో మొదలైంది, పోలండ్‌లో షెచిన్ నగరంలోని పొమోజానీ విద్యుత్ కేంద్రంలో పారిశ్రామిక స్థాయిలో కట్టారు. పనిచేస్తుంది, కానీ బీమ్‌కి కరెంటు బాగా తింటుంది. ఇంకొకటి, సల్ఫేట్-నైట్రేట్ మిశ్రమాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 1921లో జర్మనీలోని ఒప్పావులో పేలింది అలాంటి మిశ్రమ ఎరువే, 500 మందికి పైగా చనిపోయారు. ఎంటెక్ ల్యాబ్‌లో అది వద్దు.

మీకు తగ్గ పని సల్ఫైట్ ఆక్సీకరణ. స్క్రబ్బర్‌లో ముందు ఏర్పడేది సల్ఫైట్, బైసల్ఫైట్, గాలి ఊది దాన్ని సల్ఫేట్‌గా మార్చాలి, ద్రావణం చిక్కబడేకొద్దీ ఆక్సిజన్ కరగడం తగ్గి ఆ చర్య మందగిస్తుంది. మాంగనీస్, కోబాల్ట్ లాంటి లోహాలు దాన్ని వేగం చేస్తాయి, కానీ అవి ఎరువులోకి పోతాయి, పైన చెప్పిన ఆందోళన మళ్ళీ వస్తుంది. లోహం ద్రావణంలోకి జారకుండా దాన్ని ఘన పదార్థం మీద ఉత్ప్రేరకంగా (చర్యను వేగం చేసేదిగా) నిలబెట్టగలరా, నిలబెడితే ఎంత కాలం నిలుస్తుందన్నది మంచి ప్రశ్న. గాలి ఊదే రియాక్టర్, పీహెచ్ మీటరు, సల్ఫైట్ ఎంత మిగిలిందో కొలిచే అయొడిన్ టైట్రేషన్ ఉంటే మొదలుపెట్టొచ్చు. ఒక్క జాగ్రత్త: శాంపిల్ తీయగానే కావాల్సినదానికంటే ఎక్కువ అయొడిన్ ఉన్న ఫ్లాస్కులోకి వదిలేయండి, బయట పెట్టి ఉంచితే గాలి తగిలి సల్ఫైట్ కొంత సల్ఫేట్ అయిపోతుంది, అప్పుడు ఆక్సీకరణ వేగం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.