చట్టం అడ్డుచెప్పని రాష్ట్రాల్లోనైనా జాత్యంతర జంటలను ఒప్పుకున్నారా? (అమెరికా, 1900–1930)

గోదారి గట్టు:
ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు పెళ్లి చేసుకుంటే నేరం అని మనం చదువుకున్నాం. కానీ అది దేశమంతటా కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో అలాంటి నిషేధం లేనేలేదు. ఇల్లినాయ్‌లో 1874లోనే ఎత్తేశారు. నల్లజాతి హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ జాక్ జాన్సన్ 1912 డిసెంబర్‌లో లూసిల్ కామెరాన్ అనే తెల్లమ్మాయిని ఆ రాష్ట్రంలోని షికాగోలో చట్టబద్ధంగానే పెళ్లాడాడు. ద్వేషాన్ని పెంచి పోషించింది నిషేధ చట్టాలేననీ, అవి లేనిచోట జనం మెల్లమెల్లగా సర్దుకున్నారనీ నా అభిప్రాయం. మీరేమంటారు?

ఓరుగల్లు పాఠకురాలు:
మీరు తెచ్చిన ఉదాహరణే మీ వాదనకు అడ్డం తిరుగుతోందండీ. ఆ పెళ్లికి నెలన్నర ముందు లూసిల్ తల్లి ఫిర్యాదు మీద జాన్సన్‌ను అరెస్టు చేశారు. వ్యభిచారం కోసం ఆడవాళ్లను రాష్ట్రం దాటించకుండా 1910లో తెచ్చిన మాన్ చట్టాన్ని ఆయన మీదికి తిప్పారు. లూసిల్ సాక్ష్యం చెప్పనంది. అప్పుడు ఆయన పాత స్నేహితురాలు బెల్ ష్రైబర్‌ను వెతికి పట్టుకొచ్చారు. 1913లో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ ఆయన్ను దోషిగా తేల్చింది. శిక్ష ఏడాది మీద ఒక రోజు. క్షమాభిక్ష వచ్చింది 2018లో, ఆయన పోయిన డెబ్బై ఏళ్లు దాటాక! ఇదంతా పెళ్లికి ఏ అడ్డూ లేని షికాగోలోనే జరిగింది. పెళ్లిని ఆపే చట్టం చేతిలో లేకపోతే మనిషిని లోపలేసే చట్టం వెతికారు.

ఇక న్యూయార్క్ సంగతి. 1924 అక్టోబర్‌లో లెనార్డ్ రైన్‌లాండర్ అనే పెద్దింటి అబ్బాయి ఆలిస్ జోన్స్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె పనిమనిషిగా చేసింది, తండ్రి నల్లజాతి మూలాలున్నవాడు. సంగతి పేపర్లకెక్కింది. నెల తిరిగేసరికి అబ్బాయి ఇంటివాళ్ల ఒత్తిడితో పెళ్లి రద్దు చేయమని కేసు పడింది. తెల్లదాన్నని చెప్పి మోసం చేసిందని ఆరోపణ. 1925లో వైట్ ప్లెయిన్స్ కోర్టులో విచారణ. పెళ్లికి ముందే అతను ఆమె ఒళ్లు చూశాడు, కాబట్టి రంగు తెలియదనడం అబద్ధం అని నిరూపించడానికి ఆలిస్ తరఫు లాయరే ఆమెను జ్యూరీ గదిలోకి తీసుకెళ్లి బట్టలు తీయించాడు. భుజాలు, వీపు, కాళ్లు. జడ్జి, లాయర్లు, పన్నెండు మంది తెల్ల మగవాళ్లు, వాళ్లతోపాటు భర్త కూడా చూస్తుండగా ఆమె ఏడుస్తూ నిలబడింది. చట్టం ఒప్పుకున్న పెళ్లికి జరిగిన మర్యాద ఇది. దీన్ని సర్దుకోవడం అని నేను ఒప్పుకోలేను.

న్యూజెర్సీ తెలుగు:
ఇద్దరూ నల్ల, తెల్ల దగ్గరే ఆగిపోయారు. కాలిఫోర్నియా చూడండి. అక్కడ తెల్లవాళ్లు నల్లవాళ్లను గానీ, చట్టం మంగోలియన్లు అన్న చైనా, జపాన్ లాంటి దేశాలవాళ్లను గానీ పెళ్లాడకూడదు. అయినా 1910ల నుంచి ఇంపీరియల్ వ్యాలీ పత్తి చేలల్లో పంజాబీ మగవాళ్లు మెక్సికన్ అమ్మాయిలను పెళ్లిళ్లు చేసుకున్నారు. 1917 వలస చట్టం వల్ల మన దేశం నుంచి భార్యలను తెచ్చుకునే దారి మూసుకుపోయింది. లైసెన్సు ఫారంలో జాతి అని ఒక గడి ఉండేది. కౌంటర్‌లో గుమాస్తా ఇద్దరినీ చూసి, ఒకే రంగులో కనిపిస్తే 'బ్రౌన్' అని రాసేసి సంతకం పెట్టేవాడు. ఆ వధువు తెల్లగా కనిపిస్తే ఇవ్వననేవాడు కూడా. అలా కొన్ని వందల కుటుంబాలు ఏర్పడ్డాయి, పిల్లలకు మారియా, హోసే లాంటి పేర్ల పక్కన సింగ్ వచ్చి చేరింది. అంటే చట్టం ఉన్నచోట కూడా మనుషులు దారి చేసుకున్నారు.

ఇంకోటి. 1923లో పౌరసత్వం కోరిన భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి పనికొచ్చే తెల్లవాళ్లు కారంది. పౌరసత్వానికి అర్హత లేనివాణ్ని పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం కూడా పోగొట్టుకోవాలని 1922 చట్టంలో ఉండేది. అమెరికాలో ఉంటూ భారత స్వాతంత్ర్యం కోసం పనిచేసిన తారక్‌నాథ్ దాస్ భార్య మేరీకి అదే జరిగింది, పుట్టింది అమెరికాలోనే అయినా. ఇక్కడ గ్రీన్‌కార్డు టెన్షన్‌లో బతికే మనవాళ్లు ఈ రెండు సంగతులూ తెలుసుకోవాలి.

గోదారి గట్టు:
ఓరుగల్లు పాఠకురాలు గారూ, ఆలిస్ కథ బాధగానే ఉంది. కానీ గెలిచింది ఎవరు? ఆ పన్నెండు మందీ ఆలిస్ వైపే తీర్పిచ్చారు. అదే పెళ్లి 1924 తర్వాత వర్జీనియాలో జరిగి ఉంటే, జాతి శుద్ధి చట్టం కింద ఇద్దరూ జైల్లో ఉండేవాళ్లు. మనసులు మారకపోయినా చట్టం లేకపోవడం వల్ల ఒక మనిషి నిలబడగలిగింది. నేను చెప్పేది ఇదే.

ఓరుగల్లు పాఠకురాలు:
ఆ తేడా పెద్దదే, కాదనను. కానీ జనం దేనికి అభ్యంతరపెట్టారో చూడండి. నల్ల స్త్రీ, తెల్ల మగవాడు కలవడం ఆ దేశంలో బానిసత్వం రోజుల నుంచీ ఉంది, యజమానులకు పుట్టిన పిల్లలే సాక్ష్యం. దానికి ఎవరూ ఊళ్లు తగలబెట్టలేదు. భార్య హోదా ఇచ్చినప్పుడే గొడవ. జాన్సన్ గొడవ తర్వాత 1913లో చాలా రాష్ట్రాల్లో నిషేధ బిల్లులు వచ్చినప్పుడు నల్లజాతి మేధావి, రచయిత డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ ఇదే మాట పట్టుకున్నారు. పెళ్లిని నిషేధిస్తే తెల్ల మగవాడు నల్లమ్మాయిని వాడుకుని బాధ్యత లేకుండా తప్పుకుంటాడు, నష్టపోయేది ఆ అమ్మాయే అన్నారు. జాత్యంతర పెళ్లిళ్లు పెరగాలని ఆయన ప్రచారం చేయలేదు. హక్కు మాత్రం ఉండాలన్నారు.

ఇంపీరియల్ వ్యాలీ కూడా ఈ లెక్కలోకే వస్తుందని నా నమ్మకం. ఆ పంజాబీ, మెక్సికన్ కూలీ జంటల వల్ల ఏ తెల్ల కుటుంబం ఆస్తికీ వాటా రాదు, అందుకే గుమాస్తా చెయ్యి సులువుగా ఆడింది. 1930లో వాట్సన్‌విల్‌లో ఫిలిప్పీన్ కుర్రాళ్లు తెల్లమ్మాయిలతో డాన్స్ హాల్లో డాన్స్ చేశారని గుంపులు రోజుల తరబడి దాడులు చేసి ఒకణ్ని కాల్చి చంపాయి. అదే కాలిఫోర్నియా.

ఆలిస్ గెలుపు గురించి ఒక్క మాట. తీర్పు తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ కాపురం చేయలేదు. చివరికి రాజీ కుదిరింది. ఆమెకు జీవితాంతం భరణం ఇస్తారు, ఆమె రైన్‌లాండర్ అనే ఇంటిపేరు వాడకూడదు. చెల్లుతుందని కోర్టు తేల్చిన పెళ్లి తాలూకు ఇంటిపేరును డబ్బిచ్చి వెనక్కి తీసుకున్నారు. అదీ ఏ నిషేధమూ లేని న్యూయార్క్‌లో. దీనికి మీ సమాధానం ఏమిటో చెప్పండి గోదారి గట్టు గారూ.