ఇంటి వెనుక వాణిజ్య సముదాయం వస్తోంది, అభ్యంతరం ఎలా రాయాలి?

వెనుకగది:
మా వీధి చివరి ఖాళీ స్థలంలో నాలుగంతస్తుల వాణిజ్య సముదాయం కట్టడానికి అనుమతి అడిగారు. కింది రెండంతస్తుల్లో ఒక పెద్ద దుకాణం, పైన కార్యాలయాలు. బోర్డు పాతి వారమైంది. అభ్యంతరాలు చెప్పడానికి ఇంకా పద్దెనిమిది రోజులే గడువు. ఆ కట్టడం అంచుకూ మా వెనుకగది కిటికీకీ మధ్య ఒక ప్రహరీ గోడ, ఒక సన్నని సందు తప్ప ఏమీ లేవు. నిన్న టేపు పట్టి కొలిస్తే పదకొండు మీటర్లు తేలింది.

వీధిలో అందరం ఒక కాగితం మీద సంతకాలు పెట్టాం. "ప్రశాంతత దెబ్బతింటుంది, ఇళ్ల విలువ పడిపోతుంది, పిల్లలకు భద్రత ఉండదు" అని రాశాం. చదువుకుంటే నాకే నీరసం వచ్చింది. వీధి పేరు మారిస్తే ఎవరికైనా సరిపోయే కాగితం అది.

ఆ గదిలో మా అమ్మ పడుకుంటుంది. రాత్రి రెండయితే గానీ ఆమెకు కునుకు పట్టదు. నాలుగు నుంచి ఏడు దాకా పట్టేదే అసలు నిద్ర. నాకు దుకాణం మీద కోపం లేదు, తెరిచిన రోజున మొదట వెళ్లేది నేనేనేమో కూడా. కానీ ఆ మూడు గంటల సంగతి కాగితం మీద ఎలా పెట్టాలి?

ఓడిన వీధి:
మీలాగే మేమూ సంతకాలు పెట్టాం, మూడు వందలకు పైగా. "అసలు వద్దు" అన్నాం తప్ప "కడితే ఇలా కట్టండి" అని ఒక్క మాటా అడగలేదు. కట్టేశారు. మేం ఏ షరతూ అడగలేదు కాబట్టి వాళ్లకు ఏ షరతూ పడలేదు. ఆరేళ్లయింది, ఆ తెలివితక్కువతనం ఇంకా బాధిస్తోంది.

జనం రద్దీ అని భయపడ్డాం. జనంతో ఇబ్బందేమీ రాలేదు, వాళ్లు ముందు గుమ్మంలోంచి వచ్చిపోతారు. ఇబ్బందంతా వెనుక గుమ్మంతోనే. ఉదయం అయిదింటికి లారీ కీకీమంటూ వెనక్కి వస్తుంది. తర్వాత షట్టర్ లేస్తుంది. ఆ తర్వాత ఇనుప చక్రాల బండ్లు ఒక్కొక్కటే గడప దాటుతూ దడదడలాడతాయి. నేను పడుకునే లెక్కపెడతాను. పద్నాలుగు దాటితే ఇక లేచి కూర్చుంటాను. రాత్రిళ్లు వాళ్ల బోర్డు వెలుగు మా ఇంటి పైకప్పు మీద నీలంగా పడుతుంది. దాని గురించి ముందుగా ఎవరికీ తట్టలేదు.

పాత ప్లానరు:
పట్టణ ప్రణాళిక పనిలోనే రిటైరయ్యాను, కాబట్టి కొంచెం పొడుగ్గా చెబుతాను.

ముందు ఆ స్థలం పట్టణ ప్రణాళికలో ఏ జోన్‌లో, అంటే ఇళ్లకు కేటాయించిన భాగంలోనా వ్యాపారానికి కేటాయించిన భాగంలోనా, ఉందో చూడండి. నివాస ప్రాంతాన్ని వ్యాపారానికి దూరంగా ఉంచే అధికారం స్థానిక ప్రభుత్వానికి ఉందని అమెరికా సుప్రీంకోర్టు 1926లోనే, యూక్లిడ్ అనే గ్రామం కేసులో, ఒప్పుకుంది. ఇప్పుడు చాలా దేశాల్లో ఏదో ఒక రూపంలో ఇలాంటి విభజన ఉంది. ఆ జోన్‌లో దుకాణానికి వీలు లేకపోతే మీ వాదన అక్కడే మొదలవుతుంది. వీలుంటే మాత్రం ఎన్ని సంతకాలున్నాయని ఎవరూ లెక్కపెట్టరు, కారణాలే చూస్తారు. ఇళ్ల విలువ పడిపోతుందన్న మాటను చాలాచోట్ల అసలు పరిగణనలోకే తీసుకోరు. అది కొట్టేయండి.

ఇక అమ్మగారి నిద్ర. రాత్రి పడకగదిలో నిరంతర శబ్దం 30 డెసిబెల్స్ లోపు, విడివిడిగా వచ్చే చప్పుళ్లు 45 లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాలు చెబుతాయి. ఆ రెండు అంకెలూ రాయండి. ఒకచోట నిలిచి ఉండే చిన్న యంత్రమైతే దూరం రెట్టింపయిన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే ఏసీ యంత్రాలను పదకొండు మీటర్ల నుంచి నలభై నాలుగు మీటర్లకు జరిపితే 12 తగ్గినట్లే. జరపమనే అడగండి. "చెట్లు నాటుతాం" అంటే సంతోషించండి గానీ శబ్దానికి ఒక వరుస చెట్లు పెద్దగా అడ్డు కావు. గోడ అడ్డమే, అయితే కిటికీలోంచి చూస్తే యంత్రం కనపడకుండా దాచేంత ఎత్తు ఉండాలి. లారీల కీకీకి బదులు 'స్స్' మని వినిపించే హెచ్చరిక పరికరాలు ఉన్నాయి, వాటి చప్పుడు దూరానికి అంతగా పాకదు.

వాననీటిని అందరూ మరచిపోతారు. స్థలం నాలుగు వేల చదరపు మీటర్లు అనుకుంటే, దాన్నంతా కాంక్రీటుతో కప్పాక 25 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. ఇప్పుడు అందులో చాలా భాగం మట్టిలోకి ఇంకుతోంది. రేపు ఎటు పోతుందో వాళ్లను చూపించమనండి.

షట్టరు వెనుక మనిషి:
అలాంటి సముదాయంలోనే నాదొక దుకాణం. ఏడింటి తర్వాతే సరుకు దించాలని ముందే షరతు ఉంటే మేం దాని ప్రకారమే అద్దెకు దిగుతాం, ఏ గొడవా లేదు. దిగాక చెబితే మాత్రం ఎవరూ వినరు, నేనూ వినను. ఇంకో మాట, సమావేశంలో నోటిమాటగా ఒప్పుకున్నది నమ్మకండి. మా యజమాని చుట్టుపక్కల వాళ్లకు అలాగే మాటిచ్చి, రెండేళ్లకు భవనం అమ్మేశాడు. కొన్నాయనకు ఆ మాటతో సంబంధం ఏముంది? అనుమతి పత్రంలో షరతుగా ఎక్కించండి.

వెనుకగది:
ప్లాను నకలు తెప్పించుకున్నాను. సరుకు దించే గుమ్మం సరిగ్గా మా సందు వైపే ఉంది. దాని పక్కన గీసిన రెండు గుండ్రాలను చెట్లనుకుని మొన్న మురిసిపోయాను. భూతద్దం పెట్టి చూస్తే చెత్త కుండీలు!

సంతకాల కాగితానికి రెండు పేజీలు జత చేశాను. గుమ్మం రోడ్డు వైపుకు మార్చాలి, ఏడింటికి ముందు లారీ రాకూడదు, రాత్రి దుకాణం మూశాక బోర్డు ఆర్పాలి, వాననీటి లెక్క చూపాలి. ఎదురింటాయన "వద్దంటే వద్దనాలి గానీ ఈ బేరాలేమిటి" అని అలిగి సంతకం వెనక్కి తీసుకుంటానన్నాడు. ఆయన ఇల్లు ముందు వైపు ఉంది లెండి.

ఒక్క సందేహం. ప్లానరు గారూ, ఆ పదకొండు మీటర్లు ప్రహరీ నుంచి చూపాలా, కిటికీ నుంచా?

పాత ప్లానరు:
కిటికీ నుంచే. అమ్మగారి మంచం ఏ గోడకు ఆనుకుని ఉందో కూడా రాయండి.