సమస్య: “నీరు పైకిఁ బాఱె నేలనుండి”

నిర్వాహకులు: నీరు పల్లమెరుగు అంటాం కదా, ఈ పాదం దానికి ఎదురు తిరుగుతోంది. ఊటలూ ఫౌంటెన్లూ వద్దు, చెట్టుతోనే విరోధం తీర్చండి. ఛందస్సు ఆటవెలది.

చిగురు:
ఆకు రంధ్రమందు నావిరి వెడలంగ
దారువందు సాగె ధార యొకటి
మూలకేశమందు ముందుగాఁ జేరిన
నీరు పైకిఁ బాఱె నేలనుండి.

నిర్వాహకులు: హాయిగా ఉంది. ‘దారువు’, అంటే చెట్టులో నీటిని పైకి మోసే కణజాలం, అతికించినట్టు కాకుండా పద్యంలో ఒదిగింది. ఆకుతో మొదలుపెట్టి వేరుకు దిగిన వరసా బాగుంది: పైన ఆవిరి పోతుంటేనే కింద వేరు తన సన్నని నూగుతో (మూలకేశాలతో) తాగుతుంది. తాగినదానిలో 95 శాతానికి పైగా అలా ఆవిరైపోయేదే.

మానుకొమ్మ:
వేరు నెట్టుచుండ వేగమే కొమ్మకు
మాను పొడవు నెక్కి మౌనముగను
తోడు లేక దాని తోపుడే చాలంగ
నీరు పైకిఁ బాఱె నేలనుండి.

తొలకరి: గణాలు, యతులు చక్కగా కుదిరాయండీ. మూడో పాదంతోనే నా పేచీ. వేరు పీడనం ఉన్నమాట నిజం, కానీ కాలిఫోర్నియా రెడ్‌వుడ్లలో 115 మీటర్లు దాటినవి ఉన్నాయి. అంత ఎత్తుకు ఆ తోపుడు చాలదు. పైగా ఎండ మండేటప్పుడు, చెట్టు బాగా తాగే వేళకే, అది దాదాపు ఉండదు. 1890ల ప్రాంతంలో వృక్షశాస్త్రవేత్త స్ట్రాస్‌బర్గర్ ఎత్తైన ఓక్ చెట్టును మొదలు కోసి పిక్రిక్ ఆమ్లంలో నిలబెట్టాడు. వేరు లేదు, ఆమ్లం తగిలిన జీవకణాలు చచ్చాయి, అయినా ద్రవం పైకెక్కింది.

మానుకొమ్మ: మరి తెల్లారేసరికి గడ్డి మొనల మీద నిలిచే బొట్ల సంగతేమిటండీ?

నిర్వాహకులు: అక్కడ వేరే కర్త! రాత్రి పత్రరంధ్రాలు మూసుకుని, నేల తడిగా ఉంటే, వేరు నెట్టిన నీరు ఆకు అంచుల్లో బొట్లుగా బయటికొస్తుంది. బిందుస్రావం అంటారు. మంచైతే ఆకంతా పరుచుకుంటుంది, ఇది మొనకొక్కటిగా గుండ్రంగా కూర్చుంటుంది. మానును వదిలి గరికను పట్టుకోండి.

మానుకొమ్మ:
వేరు నెట్టు వేళ వేకువ గరికపై
చినుకు లేని చుక్క చివర మెఱసె
మంచు కాదు సుమ్మి మట్టిలోఁ బుట్టిన
నీరు పైకిఁ బాఱె నేలనుండి.

చిగురు: ‘చినుకు లేని చుక్క’! ఎంత బాగా చెప్పారు!

తొలకరి:
చేయి చేయి పట్టి చెదరక కణములు
గొలుసు కట్టి కదలెఁ బైకిఁ బైకి
ఎండ లాగుచుండ నెచ్చోటఁ దెగకయే
నీరు పైకిఁ బాఱె నేలనుండి.

నిర్వాహకులు: రెండో పాదంలో గొ–బై యతి కుదరదు. ‘కదలెఁ గొమ్మ దాక’ అంటే సరి, ‘పైకి’ మూడుసార్లు రావడమూ తప్పుతుంది. భావం మాత్రం గట్టిది. 1894లో డిక్సన్, జోలీ అనే శాస్త్రవేత్తలు చెప్పింది ఇదే: ఆకులో ఆవిరయ్యే నీరు వెనకనున్న నీటిని గుంజుతుంది, నీటి కణాలు (అణువులు) ఒకదాన్నొకటి వదలవు కాబట్టి ఆ బిగువు వేరుదాకా దిగుతుంది. ఈ పనికి చెట్టు తన శక్తిని ఖర్చుపెట్టదు, ఎండదే ఆ శక్తి. ‘ఎండ లాగుచుండ’ను పోగొట్టుకోవద్దు.

చిగురు: నాకు ‘ఎచ్చోటఁ దెగకయే’ మీద అభ్యంతరం ఉందండీ. నేల ఎండినప్పుడు బిగువు పెరిగి ధార తెగుతుంది, దారునాళంలో గాలిబుడగ పడుతుంది. నాళాల గోడల్లోని గుంటలకుండే సన్నపొర సాధారణంగా ఆ బుడగను అక్కడే ఆపుతుంది. నీరు పక్క నాళంలోంచి వెళ్తుంది.

తొలకరి: సవరించాను, చూడండి.
ఎండ లాగఁ గణము లెడఁబాయ కుండగ
గొలుసు కట్టి కదలెఁ గొమ్మ దాక
ఒక్క దారి తెగిన నొండు దారినిఁ బట్టి
నీరు పైకిఁ బాఱె నేలనుండి.

నిర్వాహకులు: మూడో పాదంలో ‘దారి’ రెండుసార్లు వచ్చినా అర్థానికి అది అవసరమే. స్వీకరించాను.