డ్యూటీలో గాజులు, తోరాలు తీసేయాల్సిందేనా?

గాజువాక సిస్టర్:
మా ఆస్పత్రిలో కొత్త సర్క్యులర్ వచ్చింది. మోచేతి కింద ఏమీ ఉండకూడదట. వాచీ, ఉంగరం, గాజులు లాకర్‌లో పెట్టాకే వార్డులోకి రావాలి. వరలక్ష్మీ వ్రతానికి కట్టుకున్న తోరం కూడా విప్పేయమన్నారు. పేషెంట్ల తల్లులేమో "పెళ్ళయిన పిల్లవి, ఆ బోసి చేతులేంటమ్మా?" అంటున్నారు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ పేరుతో ఇంత పట్టుదల అవసరమా?

ఐసీయూ నైట్‌డ్యూటీ:
అవసరమే. సబ్బు రాసుకుంటూ ఒకసారి గమనించు. పూర్ణా మార్కెట్ మట్టిగాజులు డజను వేసుకుంటే నురగ అక్కడికొచ్చి ఆగిపోతుంది, మణికట్టుకు అందదు. తోరం ఇంకా ఘోరం. నూలు దారం, పైగా పసుపు. చెయ్యి ఆరినా అది చెమ్మగానే ఉంటుంది, మన సముద్రపు గాలికి అసలే ఆరదు. ఆ చేత్తో సెంట్రల్ లైన్ (ఛాతీ దగ్గర పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) డ్రెస్సింగ్ మారిస్తే దారం వెళ్ళి రోగి ఛాతీకి తగులుతుంది. బ్రిటన్ వాళ్ళు 2007లోనే ఈ నియమం తెచ్చారు.

రిటైర్డ్ హెడ్ నర్స్:
ఉంగరం కింద చర్మం మీద సూక్ష్మజీవులు ఎక్కువే, కాదనను. కానీ ఉంగరాలు తీయిస్తే రోగులకు ఇన్ఫెక్షన్లు తగ్గాయనే ప్రత్యక్ష రుజువు అంత బలంగా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు కూడా నగలు వద్దంటూనే, ఆచారం ఉన్నచోట మామూలు సేవల్లో సాదా పెళ్ళి ఉంగరం ఒకటి ఉంచుకోవచ్చన్నాయి. ఆపరేషన్ థియేటర్‌లో మాత్రం అదీ తీయాలి. ఓపీలో బీపీ చూసే పిల్లకీ థియేటర్ సిస్టర్‌కీ ఒకే రూలా?

ఐసీయూ నైట్‌డ్యూటీ:
వాళ్ళు ఒప్పుకున్నది సాదా ఉంగరానికి మేడమ్, గాజులకీ తోరానికీ కాదు. రాళ్ళ ఉంగరమైతే గ్లౌజు చిరుగుతుంది కూడా.

మద్దిలపాలెం:
ఇంతకీ ఈ సర్క్యులర్ సిస్టర్లకేనా, సార్లకి కూడానా? మా వార్డులో రౌండ్స్‌కి వచ్చే సార్ వేలికి నవరత్నాల ఉంగరం, చేతికి ఎర్రదారం. ఒకరి పొట్ట నొక్కి చూసి అదే చేత్తో పక్క బెడ్‌కి వెళ్ళిపోతారు. అడిగే ధైర్యం ఎవరికుంది? 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ బాలింతల చావులకు కారణమని పట్టుకున్నది ఎవరి చేతుల్ని? శవపరీక్ష చేసి నేరుగా పురుళ్ళ వార్డుకు వచ్చిన డాక్టర్లు, మెడికల్ విద్యార్థుల చేతుల్ని. మంత్రసానుల వార్డులో బాలింతల చావులు తక్కువే ఉండేవి.

ఇంకోటి. హ్యాండ్ రబ్‌తో (చేతులకు రాసుకునే ఆల్కహాల్ మందు) 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్ళతో 40 నుంచి 60 సెకన్లు రుద్దాలని పోస్టర్ అంటించారు. పోస్టర్ కింద సీసా ఖాళీ. సింక్ వార్డు చివర, దాని కుళాయి నైట్‌లో రాదు. అందుకని ఒకే జత గ్లౌజులతో నాలుగు బెడ్లు చుట్టేస్తారు. గాజుల్లేని చేతులే, ఏం లాభం? గాజులు తీయడానికి నాకేం అభ్యంతరం లేదు, నేను తీసేశాను. రూపాయి ఖర్చు లేని రూల్ ఒక్కటే గట్టిగా అమలు చేయడం చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

ఐసీయూ నైట్‌డ్యూటీ:
అది ఒప్పుకుంటా. రబ్ నిండా ఉన్నా సింక్ కావాల్సిందే. సీ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాల కేసుల్లో దాని స్పోర్లు (గట్టి పెంకుతో ఉండే బీజాలు) ఆల్కహాల్‌కు చావవు, సబ్బుతో కడిగి వదిలించాలి.

గాజువాక సిస్టర్:
సరే అక్కా. తోరం విప్పి దేవుడి గదిలో పెట్టేస్తా. సోమవారం మీటింగులో మాత్రం బెడ్‌కొక సీసా, సార్లకీ ఇదే రూల్ అని అడుగుతా.

మద్దిలపాలెం:
లాకర్‌కి తాళం కూడా అడుగు. మా దగ్గర తీసి పెట్టిన ఉంగరం ఇప్పటికీ దొరకలేదు.