సింహాల ఉపజాతులు రెండా, ఎనిమిదా? ఫొటో చూసి తేడా చెప్పొచ్చా?

చదువరి77

పోటీ పరీక్షల నోట్సులో సింహాల పేజీ తేలడం లేదు. ఒక పాత పుస్తకంలో 8 ఉపజాతులు అని ఉంది: బార్బరీ, సెనెగల్, మసాయి, కటంగా, ట్రాన్స్‌వాల్, కేప్, ఇలా. ఇంకోదాంట్లో రెండే, ఆఫ్రికా సింహం, ఆసియా సింహం. నెట్‌లోనూ రెండే అంటున్నారు గానీ ఆ పేర్లు వీటితో కలవడం లేదు. ఏది రాయాలి? ఫొటో ఇస్తే అది ఆసియా సింహమో (గుజరాత్‌లోని గిర్ అడవిది కాబట్టి గిర్ సింహం అంటారు) ఆఫ్రికా సింహమో ఏ గుర్తులతో చెప్పాలి? తెల్ల సింహం విడిగా ఒక ఉపజాతేనా?

తోకకుచ్చు

తికమకంతా ఆ ‘రెండు’ దగ్గరే ఉందండి. మీ రెండో పుస్తకం చెప్పే రెండు: ఆఫ్రికా మొత్తం ఒకటి, గిర్ ఒకటి. ఇప్పటి రెండు: ఉత్తరాది ఒకటి, దక్షిణాది ఒకటి. గీత ఖండాల మధ్య కాదు, ఆఫ్రికా మధ్యలోంచే పడింది.

2017లో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) పిల్లి కుటుంబం నిపుణుల బృందం వర్గీకరణను సవరించింది. దాని ప్రకారం పశ్చిమ, మధ్య ఆఫ్రికా సింహాలు, అంతరించిపోయిన ఉత్తరాఫ్రికా బార్బరీ సింహం, మన గిర్ సింహం అన్నీ కలిపి పాంథెరా లియో లియో. తూర్పు, దక్షిణ ఆఫ్రికా సింహాలన్నీ పాంథెరా లియో మెలనోకైటా. అంటే పశ్చిమ ఆఫ్రికా దేశం బెనిన్‌లోని పెండ్జారి అడవి సింహానికి కెన్యా మసాయి మారా సింహం కంటే గిర్ సింహమే దగ్గరి చుట్టం. అంతరించిన గుహసింహాలతో సహా 20 జన్యుక్రమాలను పోల్చిన 2020 నాటి అధ్యయనం ఈ రెండు శాఖలూ విడిపోయి సుమారు 70,000 ఏళ్ళయిందని లెక్కగట్టింది. ఇథియోపియాలో మాత్రం రెండూ కలిసిపోయాయి, మ్యాప్ వేస్తే అక్కడ గట్టి గీత గీయకండి.

పేర్లు ఎందుకు మారాయంటారా? నామకరణంలో పాత పేరుదే పైచేయి. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ 1758లో సింహానికి ‘లియో’ అని పేరు పెట్టాడు, దాని ఊరు ఉత్తరాఫ్రికాలో, అల్జీరియాలోని కాన్‌స్టాంటైన్ అని తర్వాత ఖాయం చేశారు. గిర్ సింహం ఆ శాఖలోనే చేరేసరికి దానికి 1826లో పెట్టిన ఉపజాతి పేరు ‘పెర్సికా’ పక్కకు పోయి ‘లియో’ మిగిలింది. దక్షిణాది శాఖకు దక్షిణాఫ్రికా కేప్ సింహం పేరు, 1842 నాటిది, దక్కింది. మెలనోకైటా అంటే నల్ల జూలు. కెన్యాలో జూలే సరిగ్గా రాని సావో సింహాలు కూడా ఆ పేరు కిందికే వస్తాయి, అదొక వింత.

పాత 8 ఎక్కడివంటే, మ్యూజియాలకు చేరిన ఒకటీ అరా తోళ్ళు, పుర్రెలు చూసి పెట్టినవి. జూలు రంగు మారితే చాలు కొత్త పేరు. అలా ఇరవైకి పైగా పేర్లు పోగయ్యాయి. నోట్సులో రెండు అని రాసి, పెర్సికా అన్న పేరు మన దేశపు కాగితాల్లో ఇంకా వాడుకలో ఉందని ఒక వాక్యం కలపండి. పాత ప్రశ్నపత్రాలు చదివేవాళ్ళకు అది కావాలి.

పుర్రెలపెట్టె

ఫొటో ప్రశ్నకు. ఒక్క గుర్తుతో తేల్చకండి, మూడు నాలుగు కలిపి చూడండి. నమ్మదగిన వరసలో చెప్తున్నా.

మొదటిది పొట్ట మడత. ముందు కాళ్ళ నుంచి వెనక కాళ్ళ దాకా పొట్ట కింద నిలువునా తెరలా వేలాడే చర్మం. గిర్ సింహాల్లో మగవాటికీ ఆడవాటికీ దాదాపు అన్నింటికీ ఉంటుంది, ఆఫ్రికా వాటిలో అరుదు. ఇక్కడ జరిగే పొరపాటు: వెనక కాళ్ళ ముందు మాత్రమే వదులుగా కనిపించే చర్మాన్నీ, పాలిచ్చే ఆడ సింహం జారిన పొట్టనీ మడత అనుకోవడం. పక్క నుంచి, నిలబడి ఉన్నప్పుడు తీసిన ఫొటో ఉంటేనే దీని మీద మాట్లాడాలి. పడుకున్న ఫొటోలో మడత తెలియదు.

రెండోది చెవులు. గిర్ మగ సింహానికి నడినెత్తి మీద జూలు పలచన, అందుకే చెవులు ఎప్పుడూ బయటికి కనిపిస్తాయి. ఆఫ్రికా మగ సింహం ముదిరాక చాలాసార్లు చెవులు జూలులో మునిగిపోతాయి. కానీ కుర్ర సింహానికి ఎక్కడిదైనా చెవులు కనిపిస్తాయి, వయసు చూసుకోండి. మోచేతుల దగ్గర వెంట్రుకల కుచ్చు, తోక చివరి కుచ్చు గిర్ వాటికి కాస్త ఒత్తుగా ఉంటాయి, అయితే ఇవి తోడు సాక్ష్యాలే.

పొట్ట కింది దాకా జూలు పాకి ఉంటే అది గిర్ సింహం కాదు అనుకోవచ్చు.

పుర్రె దొరికితే కంటి గుంట కింద నరాలూ రక్తనాళాలూ వెళ్ళే రంధ్రం చూడండి. ఆఫ్రికా పుర్రెల్లో అది పక్కకొకటి. గిర్ పుర్రెల్లో దాదాపు సగంవాటిలో సన్నటి ఎముక కమ్మీ అడ్డం వచ్చి అది రెండుగా చీలుతుంది. సగమే కాబట్టి, చీలి ఉంటే ఆసియా వైపు మొగ్గు. చీలకపోతే ఏమీ తేలదు.

గిర్‌గాలి

బరువు గురించి ఒక మాట, నోట్సుల్లో తప్పు ఎక్కువగా పడేది అక్కడే. గిర్ మగది 160 నుంచి 190 కిలోలు, ఆడది 110 నుంచి 120. దక్షిణాఫ్రికా మగవాటి సగటు 190 దగ్గర, తూర్పు ఆఫ్రికావి 175 దగ్గర. అంటే తూర్పు ఆఫ్రికా సింహం పక్కన నిలబెడితే గిర్ సింహం మరీ చిన్నదేం కాదు. ‘ఆఫ్రికా సింహం పెద్దది’ అని ఊరికే రాయకండి.

గుంపు తీరులో తేడా బాగా కనిపిస్తుంది. గిర్‌లో మగవి ఒకరిద్దరుగా వేరేగా తిరుగుతాయి, జతకట్టేటప్పుడో పెద్ద వేట పడినప్పుడో ఆడవాటితో కలుస్తాయి. ఆడ గుంపులు కూడా చిన్నవే. దుప్పిని నాలుగైదు సింహాలు పంచుకుంటే ఎవరికీ కడుపు నిండదు కదా. టాంజానియాలోని సెరెంగెటిలో వైల్డ్‌బీస్ట్, జీబ్రా, అడవి దున్న ఉంటాయి కాబట్టి గుంపు పెద్దదైనా చెల్లుతుంది. ఇది మేతను బట్టి వచ్చిన అలవాటు, ఉపజాతి లక్షణంగా రాస్తే తప్పు.

సంఖ్యలు కావాలంటే: గిర్ ప్రాంతంలో 1968లో 177, 2020లో 674, 2025 లెక్కలో 891. అదే ‘లియో లియో’ శాఖకు చెందిన పశ్చిమ ఆఫ్రికా సింహాలు 2014 అంచనాలో 400 దాకానే.

చదువరి77

చాలా ఉపయోగపడింది. జూలు నల్లగా, ఒత్తుగా ఉంటే ఆఫ్రికా అని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చా? జూలో బోర్డు మీద ‘ఆసియా సింహం’ అని ఉండీ గుర్తులు కలవకపోతే?

పుర్రెలపెట్టె

జూలును నమ్మకండి. చలికి జూలు పెరుగుతుంది. అమెరికా జూలలోని సింహాలను పోల్చితే చలి ఎక్కువున్న ఊళ్ళలో జూలు ఒత్తుగా తేలింది. వయసు, తిండి, హార్మోన్లు కూడా కలుస్తాయి. వృషణాలు తీసేస్తే జూలు రాలిపోతుంది, అందుకే పిల్లలు పుట్టకూడదనుకునే జంతుప్రదర్శనశాలలు వృషణాలు తీయకుండా వేసెక్టమీ (వీర్యనాళం కోయడం) ఎంచుకుంటాయి. బార్బరీ, కేప్ సింహాలను ఒకప్పుడు జూలు చూసే విడదీశారు, ఆ గొడవ ఇప్పటికీ వదల్లేదు.

తోకకుచ్చు

బోర్డు సంగతి: సంకరం అయి ఉండొచ్చు. ఒకప్పుడు మన జూలలో, సర్కసుల్లో ఆఫ్రికా, ఆసియా సింహాలను కలిపి పెంచారు. విశాఖ, తిరుపతి రక్షణ కేంద్రాలకు చేరిన సర్కస్ సింహాల్లో ఎక్కువ ఆ బాపతే. వాటికి పొట్ట మడత సగం సగం ఉంటుంది, చెవులు ఒకలా, జూలు ఒకలా. గుర్తులు అక్కడ పనికిరావు. అమెరికాలో ఆసియా సింహాల పెంపకానికి మూలమైన ఐదు సింహాల్లో రెండు ఆఫ్రికా రక్తమని 1987లో బయటపడింది, అప్పటికే పిల్లలు బోలెడు.

డీఎన్ఏ పరీక్షలోనూ ఒక ఉచ్చు ఉంది. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి వైపు నుంచే వస్తుంది. తల్లి గిర్, తండ్రి ఆఫ్రికా అయితే ఆ పరీక్ష ‘గిర్’ అనే చూపిస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్ఏ గుర్తులు కూడా కలిపి చూడాలి. హైదరాబాద్ అత్తాపూర్‌లో, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ విభాగమైన లాకోన్స్‌లో వన్యప్రాణుల డీఎన్ఏ పరీక్షలు చేస్తారు. రక్తం లేకపోతే వేరుతో ఊడిన వెంట్రుకలు, ఎండలో మాడని తాజా పేడ పంపొచ్చు. కత్తిరించిన వెంట్రుకలో వేరు ఉండదు కాబట్టి కేంద్రక డీఎన్ఏ సరిగ్గా దొరకదు.

గిర్‌గాలి

తెల్ల సింహం ప్రశ్న మిగిలిపోయింది. ఉపజాతి కాదు. దక్షిణాఫ్రికాలోని టింబావటి ప్రాంతపు సింహాల్లో టైరోసినేజ్ జన్యువులో వచ్చిన అంతర్గత మార్పు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ ప్రతి వస్తేనే పిల్ల తెల్లగా పుడుతుంది, అందుకే మామూలు రంగు జంటకూ పుట్టొచ్చు. ఆల్బినో (ఒంట్లో రంగే లేనిది) కూడా కాదు, కళ్ళకు రంగు ఉంటుంది. నోట్సులో మెలనోకైటా కింద ఒక రంగు భేదంగా రాసుకోండి.