పీట్ హిల్ ఆటలు రికార్డుల్లో ఇంత తక్కువ ఎందుకు?

అనంత సాఫ్ట్‌బాల్: మా పిల్లోళ్ల కోసం పాతకాలం నీగ్రో లీగ్స్ (అమెరికాలో నల్లజాతి ఆటగాళ్ల బేస్‌బాల్ లీగులు) ఔట్‌ఫీల్డర్ పీట్ హిల్ మీద ఒక పేజీ నోట్సు రాస్తాండాను. 2006లో బేస్‌బాల్ గొప్ప ఆటగాళ్ల గౌరవశాల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినారు కదా, మరి మేజర్ లీగ్ లెక్కల్లో ఆయన ఆటలు ఇంత తక్కువ ఎందుకు? ఏ సగటు రాయాల?

కడప స్కోరర్: అన్నా, నీగ్రో లీగ్స్‌లో మేజర్ లీగ్ హోదా (అత్యున్నత స్థాయి బేస్‌బాల్ అనే గుర్తింపు) వచ్చింది 1920–1948 మధ్య నడిచిన ఏడు లీగులకే. హిల్ పుట్టింది 1882లో. 1920లో రూబ్ ఫోస్టర్ నీగ్రో నేషనల్ లీగ్ పెట్టేసరికి ఆయనకు 37 ఏండ్లు, డెట్రాయిట్ స్టార్స్‌కు ఆడుతూ మేనేజర్‌గా ఉన్నాడు. అసలు ఆటంతా అంతకు ముందే అయిపోయింది: 1907 దాకా ఫిలడెల్ఫియా జెయింట్స్, తర్వాత లీలాండ్ జెయింట్స్, 1911 నుంచి షికాగో అమెరికన్ జెయింట్స్, చలికాలంలో క్యూబా. మీకు కనపడేది చివరి ముక్క మాత్రమే. 1920కి ముందువి కావాలంటే నీగ్రో లీగ్స్ లెక్కలుండే సీమ్‌హెడ్స్ డేటాబేస్ చూడండి.

కర్నూలు సెంటర్‌ఫీల్డ్: సగటు రాసే ముందు ఆ ఆటలు ఎవరి మీద ఆడినారో చూసుకోండి. అప్పటి జట్లు వారంలో ఎక్కువ రోజులు ఊర్ల మీద తిరిగి సెమీ-ప్రో (ఆటే పూర్తి వృత్తి కాని ఆటగాళ్ల) జట్లతో ఆడేవి. 1911లో 116 ఆటల్లో 115 ఆటల్లో హిల్ హిట్ (బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరడం) కొట్టినాడని చెప్పే లెక్క అట్లాంటి ఆటలన్నీ కలిపినదే. దాన్ని లీగ్ సగటు పక్కన పెడితే తప్పు.

ఇంకోటి, పాత పేపర్ల స్కోరు పట్టీల్లో కొన్నిసార్లు హిట్లు ఉంటాయి, ఆట్-బ్యాట్స్ (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతులు) ఉండవు. సగటంటే హిట్లను ఆట్-బ్యాట్స్‌తో భాగించేది. అట్లాంటి ఆటను మొత్తంగా తీసెయ్యాల. హిట్లు మాత్రం కలుపుకున్నారనుకోండి, పైన పెరుగుతాది, కింద పెరగదు: 40 ఆట్-బ్యాట్స్‌కు 12 హిట్లయితే .300, ఆట్-బ్యాట్స్ రాయని ఆటలోని 2 హిట్లు చేరిస్తే .350 అయిపోతాది. వాక్స్ (నాలుగు చెడ్డ బంతులకు ఊరికే బేస్ దక్కడం) ఆట్-బ్యాట్స్‌లో రావు, క్రికెట్ సగటు మాదిరి పరుగులను ఔట్లతో భాగించేది కూడా కాదు. పిల్లోళ్లు తడబడేది ఇక్కడే.

అనంత సాఫ్ట్‌బాల్: హోమ్ రన్లు కూడా తక్కువే ఉండాయి?

కడప స్కోరర్: అది డెడ్ బాల్ కాలం. ఒకే బంతిని నల్లబడి మెత్తబడేదాకా వాడేవాళ్లు, దూరం పోయేది కాదు. 1920ల హోమ్ రన్లతో పోల్చొద్దు. ఆ ఏడాది మిగతా బ్యాటర్ల సగటు పక్కన పెట్టి చూపించండి. ఎడమచేతి బ్యాటింగ్, కుడిచేతి త్రో, సెంటర్ ఫీల్డ్ అని తప్పక రాయండి. పేరు జాన్ ప్రెస్టన్ హిల్. హాల్ ఆఫ్ ఫేమ్ ఫలకం మీద మొదట జోసెఫ్ అని చెక్కినారు, 2010లో దిద్దినారు. పాత పేజీల్లో ఇంకా జోసెఫే ఉంటాది, చూసి ఎక్కించండి.