వీఎఫ్‌డీ మూత తెరిచే ముందు పర్మిట్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: మా మందుల ఫ్యాక్టరీలో 415 వోల్టుల మోటారును నడిపే వీఎఫ్‌డీని (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) సర్వీసు చేయడానికి వెళ్లినప్పుడు పర్మిట్ (పని అనుమతి పత్రం) మీద ఇన్‌చార్జి సంతకం ఉంది, బ్రేకర్ ఆఫ్‌లోనే ఉంది, అయినా లోపల ఎర్ర దీపం వెలుగుతుండటం చూసి చేయి వెనక్కి తీసుకున్నాను. సరైన పనే చేశానా?

సమాధానం 1: సరిగ్గానే చేశారండి. సరఫరా ఆపినా లోపల విద్యుత్తును నిల్వ ఉంచే డీసీ బస్ కెపాసిటర్లలో తొలుత దాదాపు 580 వోల్టులు నిలిచి ఉంటాయి. సరఫరా తీసిన 5 సెకన్లలో 60 వోల్టులకు దిగని భాగాల దగ్గర ఎంతసేపు ఆగాలో తెలిపే హెచ్చరిక ఉండాలని యంత్రాల విద్యుత్ పరికరాల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60204-1 చెబుతుంది. అన్ని నిమిషాలూ ఆగి, ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజీని కొలవండి. ఆ నిల్వ వోల్టేజీని సూచించే ఎర్ర దీపం ఆరిందని నమ్మకండి, అది మాడిపోయి ఉండవచ్చు. మీటరును కూడా కొలతకు ముందూ తర్వాతా కరెంటు ఉన్నట్టు తెలిసిన చోట పరీక్షించుకోవాలి.

సమాధానం 2: బ్రేకర్ ఆఫ్‌లో ఉండటం వేరు, దానికి మీ తాళం పడి, చెవి మీ జేబులో ఉండటం వేరు. మా పంపుహౌస్‌లో షిఫ్టు మారగానే కొత్త ఆపరేటరు తాళం లేని స్విచ్ వేశాడు. స్పానర్ కోసం పక్కకు వెళ్లడం వల్లనే ఫిట్టరు బతికాడు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. మా ఫారంలో తాళం నంబరుకు గడి ఉంది గాని, కొలిచిన వోల్టేజీకి లేదు. దాన్ని చేర్చమని రేపే రాతపూర్వకంగా కోరతాను.